పోయిన డిస్కుల పేర్లు

స్టూడెంట్స్ యూనియన్ సావనీరుకు వ్యాసం కావాలని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏ సబ్జెక్టయినా ఫరవాలేదన్నా, పాత విద్యార్థి అనుభవం లాగ ఉంటే చాలు" అన్నాడు. ప్రేమ మీద రాద్దామంటే ఆ విషయంలో నాకున్న అనుభవం తక్కువ, ఉన్న కాస్తా అచ్చు వేయదగ్గది కాదు. రాజకీయాల మీద యూనియన్ మిత్రులే నాకంటె బాగా రాస్తారు. హాస్టల్ మెస్సు సాంబారు మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. సాంబారు మాత్రం మారలేదు. చివరికి ఆ తమ్ముడే "నువ్వు ఉద్యోగంలో ఏం చేస్తవో అది రాయన్నా" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గాని తెలియలేదు ఎంత చిక్కులో పడ్డానో.

నా ఉద్యోగం ఏమిటంటే, రాత్రి పది గంటలకు గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ ఎక్కి తెల్లవారి ఆరింటికి దిగడం. ఈ మధ్యలో ఎక్కడెక్కడో ఉన్న సర్వర్లను ఇక్కడినుంచి కనిపెట్టుకుని ఉండడం. మా అమ్మను ఊళ్ళో ఎవరైనా అడిగితే "మా వాడు కంప్యూటర్లకు కావలి ఉంటడు" అని చెబుతుంది. ఇంత చదువు చదివించింది కావలి కాయడానికా అని మా మేనమామ నొచ్చుకున్నాడట. అమ్మ చెప్పినదాంట్లో తప్పు పట్టవలసింది నాకేమీ కనిపించలేదు. ఆ కావలి పనిలోనే ఒక చిన్న పని ఉంది. సర్వరు నుంచి తీసేసిన డిస్కులు కొన్ని ఉంటాయి. డిస్కు పోతుంది గాని దాని పేరు సర్వరు జ్ఞాపకంలో ఉండిపోతుంది. ఆ పేర్లు తుడవడం. ఇదేం వ్యాసవస్తువని మీరు ముఖం చిట్లించే ముందు కొంచెం ఓపిక పట్టమని మనవి.

సికింద్రాబాదు నుంచి విజయవాడ పోవడానికి రైలుకు రెండు దారులున్నాయి. ఒకటి కాజీపేట, ఖమ్మం మీదుగా. రెండోది బీబీనగర్ అవతల చీలి నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి, గుంటూరు మీదుగా. 2024 సెప్టెంబరు 1న వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. అప్పుడు చాలా బళ్ళు రద్దయ్యాయి గాని కొన్నిటిని గుంటూరు దారిన మళ్ళించారు. ఎక్కిన ప్రయాణికుడికి కావలసింది విజయవాడ. ఏ ఊళ్ళ మీదుగా పోయిందనేది వాడికి అంత ముఖ్యం కాదు.

పెద్ద సర్వర్లకు డిస్కుల విషయం కూడా ఇంతే. మన ఇంటి కంప్యూటర్లో డిస్కు పెట్టెలోనే ఉంటుంది. పెద్ద సంస్థలలో డిస్కులన్నీ వేరే బీరువాలో ఉంటాయి, దానిని స్టోరేజి అంటారు. సర్వరుకూ ఆ బీరువాకూ మధ్య ఫైబరు తీగలు, స్విచ్చీలు. తీగ తెగవచ్చు, స్విచ్చి కాలిపోవచ్చు, ఊడ్చేవాడి చీపురు తగిలి కేబులు ఊడిపోవచ్చు (ఇది నేను కళ్ళారా చూశాను). అందుకని సర్వరుకు రెండు కార్డులు, స్టోరేజికి రెండు కంట్రోలర్లు పెడతారు. అంటే ఒక్కో డిస్కుకు నాలుగు దారులు. వచ్చిన చిక్కల్లా, సర్వరు అమాయకురాలు. నాలుగు దారుల్లో ఒకే డిస్కు కనిపిస్తే నాలుగు డిస్కులనుకుంటుంది, నాలుగు పేర్లు పెడుతుంది. "కాదమ్మా, ఈ నలుగురూ ఒక్కరే" అని చెప్పి, ఒక దారి మూసుకుపోతే ఇంకొక దారిన పంపే సాఫ్టువేరు పేరే మల్టీపాత్. లినక్సులో దీనికి పునాది డివైస్ మ్యాపర్ అనేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెలుతో అది అందరికీ అందింది.

పేర్ల సంగతి కూడా కాస్త చెప్పాలి, అసలు కథంతా అక్కడే ఉంది గనుక. లినక్సు ఒక్కొక్క డిస్కు దారికీ ఎస్‌డిఎ, ఎస్‌డిబి, ఎస్‌డిసి అని వరసగా పేర్లు పెట్టుకుంటూ పోతుంది. జెడ్ అయిపోతే ఎస్‌డిఎఎ అని మళ్ళీ మొదలు. ఈ పేర్లు ఎవరు ముందు కనిపిస్తే వాళ్ళకు. బడిలో పొద్దున ముందు వచ్చినవాడు ముందు బెంచీలో కూచున్నట్టు, సర్వరును ఆపి మళ్ళీ లేపితే నిన్నటి ఎస్‌డిబి ఇవాళ ఎస్‌డిఎం కావచ్చు. మారనిది ఇంకొకటి ఉంది. దానిని డబ్ల్యుడబ్ల్యుఐడి అంటారు. స్టోరేజి పెట్టె ఒక్కో డిస్కుకూ ఇచ్చే సంఖ్య అది. సాధారణంగా 33 అక్షరాలు ఉంటుంది. పుట్టుమచ్చ లాంటిది. సర్వరు లేచినా పడుకున్నా అది మారదు. కాని ఎస్‌డిబి అని నోటితో అనగలం. ఆ 33 అక్షరాలు అనగలమా? మనుషులం కాబట్టి పేరునే పట్టుకుంటాం.

డిస్కును తీసేయడానికి ఒక వరస ఉంది. ముందు దానిని వాడుకుంటున్న ప్రోగ్రాములు ఆగాలి. తర్వాత అన్‌మౌంట్ చేయాలి, అంటే సర్వరు తనంతట తాను దానిమీద చెయ్యి తీసేయాలి. తర్వాత మల్టీపాత్ పట్టిక నుంచి తీయాలి. తర్వాత నాలుగు దారుల పేర్లూ ఒక్కొక్కటిగా తుడవాలి. ఇదంతా అయ్యాక, అప్పుడు మాత్రమే, స్టోరేజి వాళ్ళు అవతలి నుంచి డిస్కును ఊడబీకాలి. ఈ వరస తిరగబడితే, అంటే ముందు వాళ్ళు ఊడబీకి ఆ తర్వాత మనకు చెబితే, డిస్కు ఉండదు, పేర్లు ఉంటాయి. సర్వరు ప్రతి అయిదు సెకన్లకూ ఆ పేర్లను పిలిచి చూస్తూనే ఉంటుంది. జవాబు రాదు. రాలేదని ఒక పుస్తకంలో రాసుకుంటుంది. మళ్ళీ పిలుస్తుంది.

పిలిస్తే పిలిచింది, మనకేం నష్టం అనుకోవచ్చు. రెండు నష్టాలున్నాయి. ఒకటి, స్టోరేజి వాళ్ళు రేపు ఇంకేదో కొత్త డిస్కును అదే నంబరు మీద ఇస్తారు. పాత పేరు ఇంకా ఉంది గనుక, పాత పేరు వెనక కొత్త డిస్కు వచ్చి కూచుంటుంది. అద్దె ఇంట్లో పాతవాళ్ళు ఖాళీ చేసి కొత్తవాళ్ళు దిగితే, తెలియని పోస్టుమ్యాను పాతవాళ్ళ ఉత్తరాలు అందులోనే వేసి పోతాడే, అట్లా పాత డిస్కుకు రాయవలసిన రాత కొత్తదాని మీద పడవచ్చు. ఉత్తరమైతే తిరిగి ఇవ్వచ్చు, ఇక్కడ కొత్త డిస్కులో ఉన్నది చెరిగిపోతుంది. రెండో నష్టం ఎదురుచూపు. అన్ని దారులూ పోతే ఏం చెయ్యాలని మల్టీపాత్‌ను అడిగితే, చాలా చోట్ల "క్యూలో పెట్టు" అని రాసి ఉంటుంది. ఏదో ఒక దారి తిరిగి వస్తుందన్న ఆశతో. స్విచ్చి రెండు నిమిషాలు ఆగి లేస్తే ఈ ఆశ మంచిదే. డిస్కే లేకపోతే? ప్లాట్‌ఫారం మీద జనం కూచుని ఉంటారు, బండి రద్దయిందని మైకులో ఎవరూ చెప్పరు, వాళ్ళు లేవరు. ఆ డిస్కును ముట్టుకున్న ప్రతి ప్రోగ్రామూ అట్లా కూచుండిపోతుంది. ఆ స్థితిని 'డి' అనే అక్షరంతో చూపిస్తారు. దానిలో ఉన్నవాణ్ణి చంపే కమాండు కూడా చంపలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

2025 మార్చిలో ఒక మంగళవారం. ఊరూ పేరూ అనవసరం, ఒక ఆసుపత్రి లేబొరేటరీ రిపోర్టులన్నీ ఉండే సర్వరు. దాని పాత స్టోరేజి పెట్టె గడువు తీరింది, కొత్తది వచ్చింది. పాతవి ఆరు డిస్కులు, కొత్తవి ఆరు. నాలుగేసి దారులు గనుక పాతవాటికి 24 పేర్లు, కొత్తవాటికి 24 పేర్లు. అయిదు డిస్కుల్లోని సరుకును సర్వరు నడుస్తుండగానే కొత్తవాటిలోకి జరిపేశాం. ఆరోదానిలో పాత రిపోర్టులు. దానిని విడిగా నకలు తీసి సరిచూసి పెట్టాం. గురువారం నాడే నేను పాత 24 పేర్లూ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను, ఎస్‌డిబి నుంచి ఎస్‌డివై దాకా. నా అక్షరాలు బాగుంటాయని మన కాలేజీలో కూడా పేరు. ప్రాక్టికల్ రికార్డులు నలుగురికి రాసిపెట్టినవాణ్ణి.

ఆదివారం రాత్రి కెర్నెలు మార్పు కోసం సర్వరును ఒకసారి ఆపి లేపారు. అది వేరే షిఫ్టు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కాగితం గురించి నాకు ఏమీ తట్టలేదు.

మంగళవారం రాత్రి మా వైపు పని అయ్యాక బుధవారం స్టోరేజి వాళ్ళు పాత డిస్కులు తీయాలని ప్లాను. వాళ్ళు మంగళవారం సాయంత్రమే తీసేశారు. ఎవరి తప్పు అనే దానిమీద తర్వాత మూడు గంటలు సమావేశం జరిగింది, తేలలేదు. నేను రాత్రి పదింటికి వచ్చి చూసేసరికి లాగు నిండా ఒకటే మాట, దారి పోయింది, దారి పోయింది అని. 24 దారులూ ఫాల్టీ. ఎట్లాగూ తీసేసే డిస్కులే కదా, రెండింటికి తీరిగ్గా తుడుద్దామని టిఫిను డబ్బా విప్పాను. ఇది నా మొదటి తప్పు. కాగితం రెండోది.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. లేబొరేటరీలో నైట్ డ్యూటీ కుర్రవాడు. గొంతు చూస్తే నా వయసే ఉంటుంది.

"సార్, ఐసియులో ఒక పేషెంటున్నడు. పోయిన నెల క్రియాటినిన్ ఎంత వచ్చిందో డాక్టర్ మేడం అడుగుతున్నరు. పాత రిపోర్టు తెరుస్తుంటే స్క్రీన్ బిగుసుకుపోతున్నది సార్. మూడు కంప్యూటర్లల్ల చూసిన."

అప్పుడు తెలిసింది. నకలు తీశాం, సరిచూశాం, కాని పాత రిపోర్టులు ఎక్కడున్నాయో ఆ ప్రోగ్రాముకు చెప్పే ఒక్క పంక్తిని మార్చలేదు. అది ఇంకా పాత ఆరో డిస్కునే అడుగుతోంది. సర్వరులో చూస్తే ప్రాసెసరు ఖాళీగా ఉంది, లోడు మాత్రం 70 దాటింది. వరసగా 'డి'లు. డిస్కుల పట్టిక చూద్దామని పివిఎస్ అని కొడితే కర్సరు మెరుస్తూ కూచుంది. అదికూడా పోయి ఆ ప్లాట్‌ఫారం మీదే చేరింది.

మా షిఫ్టుకు పెద్ద ఒకాయన ఉన్నాడు, ఖమ్మం వైపు మనిషి. ఇరవై ఏళ్ళ పైబడిన సర్వీసు. అందరం అన్నా అనే అంటాం. పరిగెత్తుకుపోయి "అన్నా, రీబూట్ కొట్టేస్త, అన్నీ పోతయి" అన్నాను.

"పోతయి సరే, తిరిగి వస్తయా?" అన్నాడు ఆయన, కుర్చీ కూడా తిప్పకుండా.

తర్వాత ఆలోచిస్తే ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఉందో తెలిసింది. 'డి'లో ఉన్న ప్రోగ్రాములు చావవు గనుక సర్వరు ఆగడానికే మొరాయించేది. ఎట్లాగో ఆపినా, లేచేటప్పుడు చదువుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే పట్టికలో ఆరో డిస్కు పేరు ఇంకా ఉంది. ఆ డిస్కు కోసం నిమిషంన్నర చూసి, దొరకక, ఎమర్జెన్సీ మోడులో ఆగిపోయేది. అప్పుడు పాత రిపోర్టులే కాదు, అప్పటికప్పుడు తీస్తున్న రక్తపరీక్షలు కూడా ఆగేవి.

అన్న లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ముందు వాళ్ళకు బండి రాదని చెప్పు" అన్నాడు. (రైలు పోలిక నాది కాదు, ఆయనదే. ఒప్పుకోవడం మర్యాద.) దానికి డిఎం సెటప్‌తో పంపే ఒక సందేశం ఉంది: దారి లేకపోతే ఫెయిల్ చేసెయ్, క్యూలో పెట్టకు. ఆ ఆరు డిస్కులకూ ఆ సందేశం పంపాం. కొన్ని సెకన్లలో 'డి'లన్నీ లేచాయి. అన్నీ తప్పు చూపించి చచ్చిపోయాయి. చావడమే వాటికి మోక్షం. పివిఎస్ ప్రాంప్టు ఇచ్చింది. పాత ఆరో డిస్కును అన్‌మౌంట్ చేశాం, కొత్త నకలును తెచ్చి అదే చోట మౌంట్ చేశాం. ప్రోగ్రాముకు తెలియను కూడా తెలియదు, ఇల్లు అదే, లోపలి సామాను కొత్తది.

ఒకటీ యాభైకి నేనే ఫోన్ చేశాను. కుర్రవాడు లైనులోనే ఉంచి మౌసు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "వచ్చింది సార్" అని, నా మాట వినకుండానే ఫోన్ పెట్టేసి పరిగెత్తినట్టున్నాడు. ఆ పేషెంటు ఎవరో, తర్వాత ఏమైందో నాకు తెలియదు. మా పనిలో అది తెలిసే దారి లేదు.

ఇక మిగిలింది తుడవడం. అన్న టీ తాగి వస్తానని పోయాడు. నాకు అప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు. ఆరు పాత డిస్కులనూ మల్టీపాత్ పట్టికలోంచి తీశాను. మైనస్ ఎఫ్ అనే ఆ కమాండు మంచిది. ఎవరైనా ఆ డిస్కును వాడుతూ ఉంటే "వాడుకలో ఉంది, తీయను" అని ఎదురు చెబుతుంది. తర్వాత 24 దారుల పేర్లు. వాటిని తీసే పద్ధతి వేరు. ప్రతి పేరుకూ డిలీట్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది, దానిలో 1 అని రాస్తే ఆ పేరు పోతుంది. అది ఎదురు చెప్పదు. వాడుకలో ఉందా లేదా అని చూడదు. నేను గురువారం నాటి కాగితం తీసి మడత విప్పి బల్లమీద పెట్టుకుని మొదటి పేరు కొట్టాను. ఎస్‌డిబి. ఎంటర్.

నాకు ఒక అలవాటుంది, మా లెక్కల మాస్టారి పుణ్యం. ఏ పని చేసినా మధ్యలో ఒకసారి లెక్క పెడతాను. 24లో ఒకటి పోతే చచ్చిన దారులు 23 ఉండాలి. లెక్క పెట్టాను. 24 ఉన్నాయి.

మళ్ళీ పెట్టాను. 24.

మల్టీపాత్ పట్టికలో బతికున్న డిస్కులను చూశాను. అయిదింటికి నాలుగేసి దారులున్నాయి. ఒకదానికి మూడే ఉన్నాయి. అది రిపోర్టుల డేటాబేసు ఉన్న డిస్కు.

ఏసీ గదిలో చెమట పట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆదివారం సర్వరు లేచినప్పుడు కొత్త పెట్టె ముందు కనిపించింది, పాతది తర్వాత కనిపించింది. పేర్లు తారుమారయ్యాయి. ఒక్కొక్క పేరునూ డబ్ల్యుడబ్ల్యుఐడితో పోల్చుకుంటూ కాగితం చివరిదాకా పోయాను. ఎస్‌డిబి నుంచి ఎస్‌డివై దాకా 24 పేర్లూ కొత్తవే. నేను అందమైన అక్షరాలతో రాసిపెట్టుకున్నది పోయినవాళ్ళ జాబితా కాదు, ఉన్నవాళ్ళ జాబితా. మన అలవాటు ప్రకారం దానిని ఒక లూపులో పెట్టి ఒకేసారి నడిపి ఉంటే, రెండు సెకన్లలో ఆ సర్వరుకు డిస్కు అంటూ ఏదీ మిగిలేది కాదు. ఒక్కొక్కటిగా ఎందుకు కొట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మొదటిసారి చేస్తున్న భయం కావచ్చు. జాగ్రత్త అని చెప్పుకునే హక్కు నాకు లేదు.

మిగిలిన మూడు దారుల మీద డేటాబేసు ఏమీ తెలియనట్టు నడుస్తోంది. కార్డుకు మళ్ళీ వెతుకు అని చెప్పే కమాండు ఉంది, మూడు గీతలు పెట్టి పంపాలి: ఏ ఛానలైనా, ఏ టార్గెట్టయినా, ఏ నంబరైనా అని అర్థం. పంపాను. రెండు మూడు సెకన్లు. నాలుగో దారి తిరిగి వచ్చి చేరింది. యాక్టివ్, రెడీ, రన్నింగ్.

అప్పుడు అసలు పరీక్ష వచ్చింది. ఎవరూ చూడలేదు. ఆసుపత్రికి ఏమీ తెలియలేదు. లాగులో ఒక పంక్తి ఉంది, నిజమే. కాని ఆ రాత్రి లాగులో వేల పంక్తులు ఉన్నాయి, అందులో ఈ ఒక్కటీ ఎవరు వెతుకుతారు? ఉద్యోగంలో రెండో ఏడు. నాయిన పోయిన తర్వాత ఇంటికి వచ్చే జీతం నాది ఒక్కటే. నిర్లక్ష్యం అని ఒక మాట ఫైలులో పడితే ఆ ఏడు హైకు మీద నీళ్ళు చల్లుకోవలసిందే. అన్న టీ కప్పు పట్టుకుని తలుపు తోసుకుని వచ్చేదాకా, అంటే సుమారు నాలుగు నిమిషాలు, నేను చెప్పకూడదనే నిశ్చయించుకుని ఉన్నాను. సావనీరులో అబద్ధం రాయడం ఎందుకని ఇది రాస్తున్నాను.

ఆయన కప్పు నా బల్లమీద పెట్టి "ఎన్ని అయినయి?" అన్నాడు.

"ఒకటి" అన్నాను. "అది కూడా తప్పుది తీసిన అన్నా."

ఆయన తిట్టలేదు. తెర చూశాడు. పట్టిక మొత్తం కిందికీ పైకీ జరిపి ఆరు బతికున్న డిస్కులకూ నాలుగేసి దారులు లెక్క పెట్టాడు. తర్వాత కాగితం చేతికి తీసుకున్నాడు.

"పేర్లు రాసుకున్నవా, నంబర్లు రాసుకున్నవా?"

"పేర్లు."

"నేను కూడా ఒకసారి పేరు చూసి తీసిన" అన్నాడు. "నాకు మూడు దారులు మిగల్లేదు." అంతకంటె చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకుని, "రిపోర్టు నువ్వే రాయి. టైముతో సహా. ఎట్లా తెలిసిందో కూడా రాయి" అన్నాడు.

ఆ తర్వాత పని వేరేగా సాగింది. స్టోరేజి వాళ్ళ మెయిలులో పాత ఆరు డిస్కుల డబ్ల్యుడబ్ల్యుఐడిలు ఉన్నాయి. నేను 33 అక్షరాలూ చివరిదాకా పైకి చదవడం, ఆయన తెర మీద వేలు పెట్టి చూసి ఊఁ అనడం, అప్పుడు ఎంటర్ కొట్టడం. ప్రతిదాని తర్వాత లెక్క. 23, 22, 21. నిద్ర వస్తున్న గొంతుతో అంకెలు చదువుతుంటే ఏదో స్తోత్రం లాగ ఉంది. చివరిదాని తర్వాత లాగు చటుక్కున మౌనం వహించింది. సాయంత్రం నుంచి అయిదు సెకన్లకొకసారి అరుస్తున్నది ఆగిపోతే గదిలో ఫ్యాన్ల చప్పుడు కొత్తగా వినిపించింది.

అయినా పూర్తి కాలేదు. మల్టీపాత్‌కు విడిగా ఒక చిట్టా ఉంటుంది, ఎప్పుడైనా తాను చూసిన డిస్కులన్నిటి నంబర్లూ దానిలో దాచుకుంటుంది. మైనస్ చిన్న డబ్ల్యు కొట్టి వాటిని కూడా తీయాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ పాత పంక్తి తీసి కొత్తది రాయాలి. నన్నడిగితే ఈ పంక్తే అన్నిటికంటె ప్రమాదకరమైనది. మిగిలినవి ఆ రాత్రే కనిపిస్తాయి, ఇది ఆరు నెలల తర్వాత ఎవడో ఏమీ తెలియనివాడు సర్వరును ఆపి లేపిననాడు కనిపిస్తుంది. అవన్నీ అయ్యేసరికి అయిదుంబావు. రిపోర్టు రాసి పంపేసరికి ఆరున్నర. ఆసుపత్రి వాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు, జవాబులు ఇచ్చాను. నాకు ఒక హెచ్చరిక మెయిలు వచ్చింది. కింద ఒక పంక్తిలో, ఇకమీద ఎవరూ పేర్లతో జాబితా తయారు చేయరాదు, నంబర్లతోనే చేయాలి అని అందరికీ ఆర్డరు. హైకు సంగతి మీరు ఊహించింది నిజమే.

ఆ శనివారం ఊరికి పోయాను. అన్నం పెడుతూ అమ్మ "ముఖం గట్లున్నదేంది బిడ్డా" అంది. నాకు చేతనైనట్టు చెప్పాను. ఒక దవాఖాన కంప్యూటర్లో, లేనిదాన్ని తీయబోయి ఉన్నదాన్ని తీశానని.

"ఎవలకన్న ఏమన్న అయిందా?"

"కాలే."

"సారుకు చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిగ చేసినవు" అని ఇంకొంచెం పప్పు వేసింది. తిన్నాక లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో పెట్టిన రేషను కార్డూ నాయిన డెత్ సర్టిఫికెట్టూ తెచ్చి నా ముందు పెట్టింది. నాయిన 2024 జులైలో పోయాడు. పేరు తీయించమని డీలరు నాలుగుసార్లు చెప్పాడట, నేను కూడా రెండుసార్లు అన్నాను. ప్రతిసారీ ఆమె "చూద్దాం తియ్" అనేది. బియ్యం మీద ఆశ అని ఊళ్ళో ఎవరైనా అనుకుని ఉంటారు. వెనకింట్లోకి తీసుకుపోయి చూపించింది. మనిషికి ఆరు కిలోల లెక్కన నాయిన వంతు ఎనిమిది నెలల బియ్యం, 48 కిలోలు, రెండు సంచుల్లో వేరుగా కట్టి ఉంది. పురుగు పట్టకుండా వేపాకు వేసింది. ఒక్క గింజ ముట్టుకోలేదు.

"నాకే చాతగాలే బిడ్డా" అంది. "ఇగ తీసెయ్."

సోమవారం సెలవు పెట్టి ఇద్దరం మీసేవకు పోయాం. కౌంటరులో ఉన్న అమ్మాయి కార్డు నంబరు కొట్టి, తెర మా వైపు తిప్పి, "ఏ పేరు తీయాలె?" అని అడిగింది. రెండు పేర్లున్నాయి. నేను నంబరు చూడమన్నాను. సర్టిఫికెట్టు మీది ఆధారు నంబరునూ తెర మీద ఉన్నదాన్నీ చివరిదాకా పైకి చదివి సరిపోల్చాను. ఆ అమ్మాయి విసుక్కుంది, వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా. అమ్మ ఏమీ అనలేదు.

బియ్యం తిరిగి తీసుకొమ్మని డీలరును అడిగితే అట్లాంటి పద్ధతి లేదన్నాడు. జులైలో నాయిన సంవత్సరీకం నాడు ఆ రెండు సంచులూ విప్పి చెరిగించి వండించాం. వాడకట్టంతా వచ్చి తిన్నారు.